గుండె ముక్కలో పొరలు

ల్యాబ్‌లో ఆమెకు చాదస్తం అని పేరు. పెట్టింది స్వయానా అక్క మొగుడు, బావే. ఆ ల్యాబ్‌కి పెద్ద ఆయనే. అక్క గుండెజబ్బు చూడలేక, ఏళ్ల తరబడి తిండీ నిద్రా మాని కొత్త మందు తయారుచేసిందీ ఆయనే. సోమవారం ఆ మందును మొదటిసారి మనుషులకిస్తారు. ఆ మొదటివాళ్లలో అక్క ఉంది.

సరిగ్గా అప్పుడే మందు తిన్న ఎలకల గుండె ముక్కల్లో చాదస్తానికి గుంటలు కనబడ్డాయి. కణాల నిండా, నురగలా, ఖాళీ గుంటలు.

"ముక్కల్ని ఆల్కహాల్లో కడిగి, మైనంలో పెట్టి కోశాం. ఆ కడుగుడికి గుంటలు పడవా ఏంటి?" అన్నాడు బావ.

"మందు తినని వాటినీ అలాగే కడిగాం కదా బావా. వాటికెందుకు పడలేదు?"

"అబ్బబ్బ, మళ్లీ మొదలెట్టావూ!"

మొదలెట్టక ఏం చేస్తుంది? కొన్ని మందులు కణం తన చెత్త కరిగించుకునే సంచిలో దూరి తిష్ఠ వేస్తాయి. అక్కడ కరగాల్సిన ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు కరగక పోగుపడుతుంది. ముక్కను ఆల్కహాల్లో ముంచితే ఆ కొవ్వు కొట్టుకుపోయి గుంటే మిగులుతుంది. దొంగ పారిపోయాక వెళ్లి, గదిలో ఎవరూ లేరుగా అంటే ఎలా?

ముందే ఆస్మియం అనే రసాయనంలో నానేస్తే కొవ్వు కదలకుండా, నల్లబడి నిలుస్తుంది. అప్పుడు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూడొచ్చు. ఆల్కహాల్ తగలని ముక్కలు ఫార్మలిన్ సీసాల్లో ఇంకా ఉన్నాయి. కానీ బావ టైము లేదన్నాడు.

సాయంత్రం, బావ ద్వారా సంగతి విన్న అక్క ఇంటి మెట్ల మధ్యలో ఆగి, రెయిలింగ్ పట్టుకుని ఆయాసపడుతూ నిలదీసింది.

"ఊపిరాడక నేను చస్తుంటే నీకు గుంటలు కావలసొచ్చాయా?"

చాదస్తానికి ప్రాణం ఉసూరుమంది. ఏడుపొచ్చింది. అయినా పట్టు వదల్లేదు. మర్నాడు బావ మొహం మాడ్చుకుని చూస్తుండగానే ముక్కలు నానేసింది.

తెర మీద బొమ్మ తేలేసరికి బావను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. అడ్డంగా కోసిన ఉల్లిపాయల్లా, పొర మీద పొర, నల్లగా. మందు తినని ఎలకల్లో ఒక్క పొర లేదు.

"మందు ఆపేస్తే పోతాయేమోనే," అన్నాడు బావ.

"మందు ఆపి కొన్నాళ్లు ఉంచిన ఎలకల్లోనూ ఉన్నాయి బావా. పక్కన కండ కూడా తెగిపోతోంది, ఇదిగో."

ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు మొహం రుద్దుకున్నాడు. తర్వాత ఫోను తీసి, సోమవారం ఎవరికీ మందు ఇవ్వడం లేదని చెప్పేశాడు. "మీ అక్కతో మాత్రం నేను చెప్పలేను," అన్నాడు.

"నేను చెప్తా."

చెప్పింది. అక్క నమ్మలేదు, తనే చూస్తానని ల్యాబ్‌కి వచ్చింది. తెర ముందు కూర్చుని ఆ పొరల్నే చూస్తూ ఉండిపోయింది.

"నా గుండెలో పేరుకోబోయింది ఇదా?"

"ఇదే అక్కా."

"మరి నాకింకేముందే?"

అబద్ధమాడటం చాదస్తానికి చేతకాదు. "ఇప్పటికి ఏమీ లేదు. ఇంకోటి వెతుకుతాం. ఈసారి కొవ్వు కడిగేయకముందే మొదటి ముక్క నేను చూస్తా."

బావ తలూపాడు. అక్క చెల్లెలి భుజం ఆసరాగా లేచి నిలబడింది.

"వెతకండి మరి," అంది. "అప్పటిదాకా నేను మెట్లు నెమ్మదిగా ఎక్కుతాన్లే."