మూడో గుండీ

నేను ఒక గుండీని. కాకినాడలో ఒక పాలిటెక్నిక్ కాలేజీ అద్దాల బీరువాలో ఉన్న తెల్ల చొక్కాకు పైనుంచి మూడోదాన్ని. ఇన్నేళ్లుగా నన్ను చూసినవాళ్లంతా తల దించుకునే చూశారు. అందుకే మనుషుల మీద నాకు నమ్మకం తక్కువ.

ఈ చొక్కా మొదట ఏసురత్నం అనే ఫస్టియర్ కుర్రాడిది. అతనికి ఉన్నది ఇదొక్కటే. సాయంత్రం ఉతికి, పొద్దున సగం తడితోనే తొడుక్కునేవాడు. అసలు గుండీ ఊడిపోతే, వాళ్ల నాన్న పాత చొక్కా నుంచి నన్ను కోసి, తనే నీలం దారంతో కుట్టుకున్నాడు. తెల్ల దారం ఇంట్లో లేదు. ఆ నీలం బయటికి కనిపిస్తోందేమోనని క్లాసులో మాటిమాటికీ తల దించి నన్నే చూసేవాడు.

ఒక సోమవారం క్లాసంతా తెల్ల చొక్కాల్లో వచ్చింది. ఎగతాళి చేస్తున్నారనే అనుకున్నాను. మర్నాడూ అంతే.

"తెలుపైతే సల్లగా ఉంటదెహె," అన్నాడు పక్క బెంచీ వరహాలు. కార్తీక మాసంలో చల్లదనం ఎవడికి కావాలి? నా అనుమానం ఇంకా పెరిగింది. నలభై తెల్ల చొక్కాల మధ్య ఏసురత్నం ఒంటి చొక్కాను ఎవరూ పట్టించుకోవడం మానేశాక గానీ నాకు సంగతి బోధపడలేదు. ఆ పిల్లల్ని శంకించినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

మరుసటి ఏడాది కొత్త బ్యాచి వచ్చింది. మా తెలుపు వాళ్లకు హుకుం అయింది. హుకుం జారీ చేసింది ఏసురత్నమే.

"తెల్లది లేదు సార్," అన్నాడు సూరిబాబు అనే జూనియర్.

అప్పటికి ఏసురత్నానికి రెండో చొక్కా వచ్చింది. నేనున్న పాత చొక్కాను తెచ్చి సూరిబాబు మీదికి విసిరాడు. "ఏస్కో. మాట్లాడేప్పుడు తల దించి మూడో గుండీ సూడు."

అది సాయమో, కసి తీర్చుకోవడమో నాకు నేటికీ తెలియదు. సూరిబాబు కన్నీళ్లు మాత్రం నా మీదే పడ్డాయి. ఆ తర్వాత ఏటా ఫస్టియర్‌కు తెల్ల చొక్కా, మూడో గుండీ మీద చూపు. ఎందుకని అడిగితే, మొదట్నుంచీ ఉందంతే అనేవారు. ఈ మధ్య కొన్నేళ్లుగా ఆ గొడవ ఆగింది.

సూరిబాబు ఇప్పుడు ఇక్కడే ప్రిన్సిపాల్. ఇన్నేళ్లూ దాచిన ఆ చొక్కాతో పాటు నన్ను బీరువాలో పెట్టి, "క్రమశిక్షణకు గుర్తు" అని కార్డు రాయించాడు. ఈ ఏడు ఫస్టియర్‌కు మళ్లీ తెల్ల చొక్కా పెడతాడట. ఏడ్చినవాడే ఏడిపించడానికి తయారయ్యాడు. నేను ఆశ్చర్యపోలేదు.

నిన్న ఏసురత్నం వచ్చాడు. జుట్టంతా నెరిసింది. సన్మానం శాలువా కోసం వచ్చాడనుకున్నాను. సూరిబాబు పక్కన, అద్దం ముందు నిలబడి తల దించాడు.

"ఇది క్రమశిక్షణ కాదు సూరిబాబూ. నాకు ఒక్కటే సొక్కా ఉండేది. అది ఎవరికీ తెలీకూడదని మావోళ్లంతా తెలుపేసుకున్నారు. నీలం దారం కనపడుద్దని నేను తల దించేవోణ్ణి. ఆ సిగ్గంతా తెచ్చి నీ నెత్తినెట్టాను. నువ్వింకెవరి నెత్తినా ఎట్టకయ్యా."

సూరిబాబు ఏదో సాకు చెబుతాడని కాచుకుని ఉన్నాను. అతను బీరువా తెరిచి, కార్డు తీసి చింపేశాడు. ఏసురత్నం ఇంకా నన్నే చూస్తున్నాడు.

"తల ఎత్తండి సార్," అన్నాడు సూరిబాబు.