నాన్న పంచిన మూడు మాటలు

మా నాన్న గ్లాస్గోలో కొండమీది శ్మశానంలో తోటమాలి. ఆ కొండను ఊరంతా నెక్రోపొలిస్ అంటుంది. ఒకరోజు ఎవరో పెద్దమనిషి ఆ పేరుకు అర్థమేమిటని అడిగితే నాన్న చెప్పలేకపోయాడట. పద్నాలుగేళ్లకే బడి మానేసిన మనిషి, ఆ శనివారమే పాత నిఘంటువు ఒకటి కొనుక్కొచ్చాడు. నెక్రోస్ అంటే గ్రీకులో శవం. ఇంగ్లీషులో దాని సంతానం చాలానే ఉంది.

మర్నాడు చర్చిలో పూజ నుంచి వచ్చాక, అమ్మ కీమా, ఆలుగడ్డలు వడ్డిస్తుంటే, మా ముగ్గురికీ తలా ఒక మాట పంచాడు. మా చెల్లెలు మేవ్‌కి నెక్రోపొలిస్, చచ్చినవాళ్ల నగరం. నాన్న వెంట రోజూ కొండెక్కేది అదే మరి. నాకు నెక్రాలజీ, పోయినవాళ్ల పట్టిక. నవంబరులో ప్రార్థనకని చర్చికి ఇచ్చే మా పోయినవాళ్ల పేర్ల కాగితం నాచేతే రాయించేవారు, దస్తూరి బాగుంటుందని. పదకొండేళ్ల ఫెర్గస్ అన్నయ్యకు నెక్రోసిస్. మనిషి బతికుండగానే ఒంట్లో ఒక ముక్క చచ్చిపోవడం.

"ఈ కంపు మాట నాకే ఎందుకు నాన్నా?" అన్నాడు అన్నయ్య.

"పెద్దాడివి, మొయ్యగలవు. ముందు ఆలుగడ్డ తిను."

"అన్నాల దగ్గర శవాలేంటండీ!" అని అమ్మ గరిటె ఝాడించింది. ఇప్పటికీ ఆ మాటలు వింటే నాకు చావు తలపుకు రాదు, అమ్మ వేయించిన ఉల్లిపాయల వాసన వస్తుంది.

పోయిన మార్చిలో అన్నయ్య ఎడమ పాదం నల్లబడింది. చాలాకాలంగా చక్కెర జబ్బు. ఆస్పత్రిలో డాక్టరమ్మ "నెక్రోసిస్" అనగానే పకపకా నవ్వాడు.

"ఆ మాట నాదేనమ్మా. అరవై ఎనిమిదేళ్లుగా నా దగ్గరే ఉంది."

ఆవిడకు అర్థం కాలేదు. నాతోపాటు నవ్వడానికి మేవ్ లేదు, అత్తారి ఊళ్లో పోయి పదేళ్లయింది. పాదం తీసెయ్యాలి, శుక్రవారంలోగా సంతకం కావాలి, లేకపోతే విషం ఒళ్లంతా పాకుతుందని చెప్పి డాక్టరమ్మ వెళ్లిపోయింది.

"పెట్టను," అన్నాడు అన్నయ్య.

"ఏం, చావాలని ఉందా?"

"పాదాన్ని తీసుకెళ్లి ఆస్పత్రి కొలిమిలో కాల్చేస్తారటే. రేపు నోరీన్ పక్కన పడుకోవలసినవాణ్ణి. ఆఖరి రోజున సమాధుల్లోంచి అందరూ లేస్తే నేను కుంటుకుంటూ లేవాలా?" నోరీన్ మా వదిన, పోయి నాలుగేళ్లు.

"మట్టిలోంచి మనిషిని లేపే దేవుడికి నీ పాదం వెతకడం కష్టమా?"

"కష్టమని కాదే. ఆయనచేత వెతికించడమెందుకు?"

బస్సులో జపమాల తిప్పుతూ ఇంటికొచ్చాను గానీ, మనసు జపం మీద నిలవలేదు. శరీరంతో లేస్తామని ప్రతి ఆదివారం చర్చిలో గట్టిగా చెబుతాం. ఏ శరీరంతో? ఇరవై ఏళ్లదా, డెబ్బై తొమ్మిదేళ్లదా? అమ్మకు పళ్లుంటాయా? అడగడం తప్పేమో తెలియదు. అడిగాను, దేవుణ్ణే.

అప్పుడు గుర్తొచ్చింది. మా పాత ఐరిష్ కుటుంబాల్లో తీసేసిన కాలైనా చెయ్యైనా ఇంటివాళ్ల సమాధిలోనే పూడ్చేవాళ్లు. ఓడలు కట్టేచోట నలిగిపోయిన మా వీధి మెక్‌గ్లించీ గారి చెయ్యి ఆయనకంటే పాతికేళ్లు ముందే సమాధికి వెళ్లింది. తెల్లారగానే మా చర్చి గురువు ఫాదర్ క్విగ్లీ దగ్గరికి పోయాను. కుర్ర గురువు, తెల్లబోయాడు.

"నేనెప్పుడూ చెయ్యలేదు ఊనా గారూ. పాదానికి ఏ ప్రార్థన చదవాలో పుస్తకంలో లేదు."

"పాదానికెందుకు ఫాదర్? కింద మా అమ్మా నాన్నా వదినా ఉన్నారు. వాళ్లకి చదవండి."

ఆస్పత్రివాళ్లు ఒక కాగితం రాయించుకుని పాదం మాకివ్వడానికి సరేనన్నారు. గురువారం అన్నయ్యకు చెప్పాను.

"పెట్టె చేయిస్తావా?"

"చేయిస్తాను."

"ఉత్త పాదమేనా?"

"నోరీన్ అల్లిన మేజోడు తొడుగుతాను."

"చిల్లున్నది తొడిగేవు సుమా. నన్ను తిడుతుంది." కళ్లు తుడుచుకుని కలం కోసం చెయ్యి చాపాడు.

ఈస్టరు దాటిన వారం, సన్నటి తుంపరలో, రొట్టెల డబ్బా అంత పెట్టెను సమాధిలోకి దించారు. ఫాదర్ మా వాళ్ల ముగ్గురి పేర్లూ చదివాడు. ఆ శ్మశానం ఏటవాలు ఎక్కలేక అన్నయ్య అక్కడికి రాక మూడేళ్లయింది. చక్రాల కుర్చీని ఇంకా ముందుకు తొయ్యమన్నాడు. మోకాళ్ల మీదికి వంగి, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడాడు.

"నోరీన్, ప్రస్తుతానికి ఇది ఉంచు. మిగతావాడికి ఇంకాస్త పనుంది."

ఫాదర్ క్విగ్లీ దానికి ఆమెన్ అనాలో వద్దో తేలక నావైపు చూశాడు. నేనే గట్టిగా అన్నాను.