మెట్లెక్కే మావయ్య

ఐదో అంతస్తులో ఉన్న ఆ ఆఫీసుకి లిఫ్ట్ ఉంది. లంచం సొమ్ము జేబులో ఉన్నా, సంచిలో ఉన్నా అది కదలదు. మొదట్లో మెకానిక్ వచ్చి చూసి, మోటారు దివ్యంగా ఉందని చెప్పి బిల్లు రాసి వెళ్లాడు. తీసుకునే అలవాటున్నవాళ్లు నోరు మూసుకుని మెట్లెక్కడం మొదలుపెట్టారు. ఆయాసం తీర్చుకోడానికి మూడో అంతస్తు మలుపులో ఒక బల్ల కూడా వేయించుకున్నారు.

పెద్ద గుమస్తా కూడా మెట్లే ఎక్కేవాడు. మోకాళ్లకి మంచిదని డాక్టరు చెప్పాడట. ఆఫీసంతా ముసిముసిగా నవ్వుకునేది గానీ, అక్కడే పనిచేస్తున్న ఆయన మేనకోడలు ఆ మాట నమ్మింది. నమ్మదూ మరి? తండ్రి పోయాక భుజాన ఎక్కించుకుని పెంచినవాడు. పరాయి సొమ్ము పాము వంటిదని చెప్పిందీ ఆయనే.

భవనాల్లో మంటలొస్తే జనం బయటపడే దారులు చూసి అనుమతివ్వడం ఆమె పని. ఆ వారమే ఒక లాడ్జీకి ఇవ్వనని తేల్చి చెప్పింది. బయటికి పోయే తలుపుకి అడ్డంగా వాళ్లు సామాన్ల గది కట్టేశారు.

ఆ పొద్దున విజిలెన్స్ ఆఫీసరు మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని అందరి సంచులూ చూస్తున్నాడు. మావయ్య గేటు దగ్గరే ఆగి, ఎప్పుడూ ఎవర్నీ ముట్టుకోనివ్వని తన భోజనం క్యారియరు ఆమె చేతికిచ్చాడు.

"ఇవాళ నువ్వు పట్టుకెళ్లు తల్లీ. నిన్ను లిఫ్ట్ ఎప్పుడూ ఆపలేదుగా."

ఆమె సంబరంగా తీసుకెళ్లి లిఫ్టెక్కింది. లిఫ్ట్ కదల్లేదు. మీట మళ్లీ నొక్కినా కదల్లేదు. ఆఫీసరు లేచొచ్చి క్యారియరు విప్పించాడు. పై గిన్నెలో భోజనం, కింది గిన్నెల్లో లాడ్జీ పేరున్న కవర్లు. ఎవరిదని అడిగాడు. వెనకాలే మావయ్య ఉన్నాడన్న ధైర్యంతో ఆమె తిరిగి చూసింది.

"నాది కాదండీ" అన్నాడాయన. "మా అక్క కూతురే. అయినా తప్పు తప్పేగా."

పరాయి సొమ్ము పాము వంటిదన్న ఆయన మాటే ఆమెకి ముందు గుర్తొచ్చింది. ఉద్యోగం పోతుందన్న భయం కూడా ఆ తర్వాతే వచ్చింది. తన మంచితనాన్ని చూసి లిఫ్ట్ ఆయన పాపాన్ని కూడా మోస్తుందనుకున్నాడన్నమాట.

క్యారియరు ఆఫీసరు దగ్గరే వదిలి మళ్లీ లిఫ్టెక్కింది. అది హాయిగా ఐదో అంతస్తుకి వెళ్లి, ఆమెని కిందికి తెచ్చి, తలుపులు తెరుచుకుని నిలబడింది.

"నువ్వూ ఎక్కు మావయ్యా."

ఆయన చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. "నాకు మెట్లే అలవాటమ్మా" అన్నాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆఫీసరు ఆయన పక్కకొచ్చి నిలబడ్డాడు. ఆయన మోకాళ్ల కోసమని ఆమె ముందురోజే కొన్న నూనె సీసా సంచిలో ఉంది. అది తీసి ఆయన చేతిలో పెట్టి, ఒక్కతే పైకి వెళ్లిపోయింది.