ఆఖరి వరుసలో హులిగమ్మ

వందేళ్ళ కిందట అమెరికా కాలేజీల్లో పిల్లలు కార్డుల మీద సంతకాలు పెట్టేవాళ్ళు, దేవుడు ఒప్పుకుంటే పరదేశం పోయి సువార్త చెబుతామని. అట్లా సంతకం పెట్టిన నలుగురు అమ్మాయిలు ఆదోని దాకా వచ్చారు. నా ఎం.ఏ. ప్రాజెక్టు వాళ్ళ మీదే. మా చర్చి బీరువాలో ఉన్న వాళ్ళ ఉత్తరాలు ఆరు నెలలు చదివాను.

ఉత్తరాల నిండా ఎండ, కలరా, తెలుగు రాని అవస్థ. మరి ఊళ్ళలో వాళ్ళ బదులు తెలుగులో మాట్లాడింది ఎవరంటే, "మా పిల్ల" అని రాసుకున్నారు. పేరు లేదు. పెంచుకున్న కుక్కకైతే పేరు రాశారు! నాకు ఒళ్ళు మండింది.

ఆ పిల్లది గోనెగండ్ల అని మాత్రం ఒక ఉత్తరంలో ఉంది. వెతుక్కుంటూ పోతే, ఆమె పేరు హులిగమ్మ అని మనవరాలు ఉచ్చీరమ్మ చెప్పింది. ఎనభై ఏళ్ళ మనిషి.

"దొరసానులకు దోవ తెలీదు, మాట తెలీదు. మా అవ్వే ముందర నడిచేది, వాళ్ళు ఎనకాల వచ్చేవాళ్ళంట. ఆమె పేరు యాడన్నా రాసినారా తల్లీ?"

"రాయిస్తాలే అవ్వా," అన్నాను.

అప్పటికే చర్చి గోడకు ఒక రాయి చెక్కిస్తున్నారు, ఆ నలుగురి పేర్లు, కాలేజీలు, డిగ్రీలతో. ఆఖరి వరుస నాది: "చరిత్ర సేకరణ: రూత్, ఎం.ఏ." మా అమ్మ ఆ సంగతి బజారంతా చెప్పేసింది.

హులిగమ్మ పేరు కలపమంటే పాస్టరుగారు తల గోక్కున్నారు. రాయిలో చోటు లేదన్నారు. డిగ్రీలైనా తీసేయమన్నాను. అమెరికా నుంచి వాళ్ళ మనవలు వస్తున్నారు, బాగుండదన్నారు.

రాయి చెక్కే మహబూబ్ బాషా దగ్గరికి నేనే పోయాను. ఆయన టేపు పెట్టి కొలిచాడు.

"ఒక వరుస పోతేనే ఇంకోటి పడేదమ్మా. ఇంగా చెక్కనిది మీదొక్కటే."

రెండు రోజులు గింజుకున్నాను. మూడో రోజు నా పేరు కొట్టేసి, హులిగమ్మ పేరు రాసిచ్చాను. దానికి పాస్టరుగారూ అడ్డం చెప్పలేదు. మా అమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు. నేను మాత్రం నా అంత మంచిది ఆదోనిలోనే లేదనుకున్నాను.

రాయి గోడకు బిగించిన ఆదివారం ఉచ్చీరమ్మ బస్సెక్కి వచ్చింది. ఆమెకు చదువు రాదు.

"మా అవ్వ యాడుంది?"

ఆమె వేలు పట్టుకుని ఆఖరి వరుస మీద పెట్టాను. అక్షరాలు తడిమి, తలెత్తి పైన ఉన్న నాలుగు పేర్లు చూసింది.

"ముందర నడిచిన మనిషి కదమ్మా. ఇంత కిందనా?"

సిగ్గుతో చచ్చిపోయాను. నా పేరు వదులుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆమెను పైన పెట్టమని అడగాలని మాత్రం ఒక్కసారీ తోచలేదు.