ఆదివారం మందు

తన కూతుర్ని చెడగొట్టింది ఆసుపత్రే. ఆ విషయంలో వడ్రంగికి రెండో మాట లేదు. భార్య క్యాన్సరుతో మంచాన పడ్డప్పుడు నొప్పికని సంచినిండా మాత్రలిచ్చింది వాళ్లే. ఆమె పోయింది, మాత్రలు మిగిలాయి. దిగులు తట్టుకోలేక కూతురు వాటికి అలవాటు పడింది. అయిపోయాక బయట కొనుక్కుంది.

ఇప్పుడామెకు ఎనిమిదో నెల. అల్లుడు ఎప్పుడో జారుకున్నాడు. ఆ అలవాటు నుంచి తప్పించడానికి అదే ఆసుపత్రి రోజూ ఒక తియ్యటి మందు నర్సు కళ్లెదుట తాగిస్తోంది. ఆదివారం సెలవు గనక ఆ ఒక్క మోతాదూ సీసాలో పోసి ఇంటికిస్తారు.

వడ్రంగికి ఆ సీసాను చూస్తే ఒళ్లు మండేది. మూడు ఆదివారాలుగా కూతురు స్నానానికి వెళ్లగానే సగం మందు పారబోసి నీళ్లు కలిపాడు. కొంచెం కొంచెం చిత్రిక పడితే అలవాటు దానంతటదే అరిగిపోతుందనుకున్నాడు.

మూడో సోమవారం కూతురు వణుకుతూ, పొత్తికడుపు పట్టుకుని పరీక్ష బల్ల ఎక్కింది. బిడ్డ గుండె పరుగులు తీస్తోంది.

"నిన్నటి మందు ఎవరికమ్మావే?" అంది పెద్ద నర్సు.

"అమ్మలేదు సిస్టర్. మొత్తం తాగాను."

"అందరిదీ ఇదే పాట. రాసేస్తున్నా. కాన్పవగానే బిడ్డని నీ చేతికివ్వరు, శిశుగృహానికి పంపుతారు."

"నాన్నా, నువ్వు చూశావుగా. చెప్పు."

చూశాడు. సీసా వంచి చివరి చుక్క దాకా తాగింది. ఆసుపత్రిని ఆడిపోసుకోవడానికి ఏనాడూ తడుముకోని మనిషి తలదించుకుని నోరు విప్పాడు.

"నేనే సగం పారబోసి నీళ్లు కలిపాను. మాన్పిద్దామని."

నర్సు కలం ఆగింది. "ఉన్నపళంగా తగ్గిస్తే కడుపులో బిడ్డ తట్టుకోదు పెద్దాయనా. నన్నో మాట అడగొచ్చుగా."

"మిమ్మల్నా?" అన్నాడు వడ్రంగి.

నర్సు రాసింది కొట్టేసి, డాక్టరుతో మాట్లాడి వచ్చి, మందు కొలిచి తాగించింది. రెండు గంటలకి వణుకు తగ్గింది. బిడ్డ గుండె కుదుటపడింది.

"ఇంకో దుప్పటి కావాలామ్మా?" అంది నర్సు. ఆ గదిలో కూతుర్ని 'అమ్మా' అనడం అదే మొదలు.

సాయంత్రం బస్సులో కూతురు అతని మోచేయి పట్టుకుంది. "పోనీలే నాన్నా. నా మంచికేగా చేశావు."

"పోనీ అనకు," అన్నాడు వడ్రంగి కిటికీ వైపు తిరిగి. "ఈ సంగతి నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకు. నేనూ ఎత్తను."