అంగడి మళ్లిన తొవ్వ

దేవరకొండ కోట కింద పాత బజారులో రామచంద్రానికి ఇనుప సామాన్ల దుకాణం ఉండేది. నాగలి కర్రులు, కొడవళ్లు, గొడ్డళ్లు, బావి బొక్కెనలు అమ్మేవాడు. దిట్టమైన మనిషి. కోపం వస్తే మాట కంటే ముందు చెయ్యి లేచేది. ఎదురు దుకాణం ఖుద్దూస్‌ది, గాజుల దుకాణం. రజాకార్ల రోజుల్లో ఖుద్దూస్ రామచంద్రాన్ని తన ఇంటి అటక మీద దాచాడు. యూనియన్ పటాలం వచ్చి నిజాం రాజ్యం పోయాక కొందరు కట్టెలు పట్టుకుని ఖుద్దూస్ ఇంటి మీదికి వస్తే, ఆ గడప ముందు రామచంద్రం గొడ్డలితో నిలబడ్డాడు. దాని గురించి ఇద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు. పొద్దున దుకాణాలు తెరవగానే ఒకే కెటిల్‌లోంచి చాయ్ తాగేవాళ్లు, అంతే.

ఆ రోజుల్లో బస్సు బజారు నడిమికి వచ్చి చావడి ముందర ఆగేది. అరవై ఒకటిలో పెద్ద బస్సులు వేశారు. అవి ఆ సందుల్లో తిరగలేకపోయాయి. ఒకటి బట్టల దుకాణం బాలస్వామి ఇంటి చూరును గీరుకుపోయాక, ఊరి బయట సడక్ మీదే ఆపడం మొదలుపెట్టారు. అక్కడ ముందు ఒక చాయ్ హోటల్ వచ్చింది. తర్వాత సైకిల్ దుకాణం. ఆ తర్వాత ఆముదాలు కొనే సేటు లారీ తెచ్చి నిలబెట్టుకున్నాడు. రైతులు బండి దించేది అక్కడే, చేతిలో పైసలు పడేది అక్కడే. ఇంక వాళ్లకు బజారు దాకా రావలసిన పని లేకపోయింది. వారం అంగడి కూడా మెల్లమెల్లగా అటు జరగసాగింది.

బజారు వాళ్లంతా రామచంద్రం దుకాణం ముందర కూడారు. ఎవరూ సడక్ మీది బస్‌స్టాండు కాడికి పోవద్దని మాట అనుకున్నారు. అందరికంటే గట్టిగా అరిచినవాడు బాలస్వామి. ఖుద్దూస్ కూడా తలూపాడు.

వానలు పడక ముందే ఖుద్దూస్ తన దుకాణానికి తాళం వేశాడు. గాజుల పెట్టెలు తోపుడుబండి మీదికి ఎక్కిస్తుంటే రామచంద్రం చూశాడు.

"ఎటు పోతున్నవ్ ఖుద్దూస్ భాయ్?"

"స్టాండు కాడ రేకుల షెడ్డు కిరాయికి తీసుకున్ననే అన్నా."

"మొన్ననే గదా అందరం మాటనుకున్నం. నువ్వు గూడ ఊ అన్నవ్."

"అన్న. కాదంటలేను. కానీ గాజులేసుకునే ఆడోళ్లు ఇటు వస్తలేరు. పొద్దుగూకేదాంక ఈగలు తోలుకుంట కూసుంటున్న. నువ్వు గూడ రా. పక్కపక్కనే పెట్టుకుందం."

"నా తాత జాగా ఇడిచిపెట్టి రేకుల కింద కూసోమంటవా?" రామచంద్రం గొంతు లేచింది. "పో. మల్ల నా మొకం సూడకు."

ఖుద్దూస్ ఆఖరి పెట్టె ఎక్కించి తాడు బిగించాడు. బండి నెట్టుకుంటూ పోయాడు.

పీర్ల పండుగకు ముందు రామచంద్రం పని మీద సడక్ వైపు వెళ్లాడు. ఖుద్దూస్ షెడ్డు ముందు ఆడవాళ్లు గుంపుగా కూర్చుని ఉన్నారు. తన దుకాణానికి ఏళ్ల తరబడి వచ్చిన రైతుల ఇళ్ల ఆడవాళ్లే. మొగవాళ్లు బండ్ల మీద బీడీలు తాగుతూ నవ్వుకుంటున్నారు. ఒక్కరూ తన వైపు చూడలేదు. పక్కన గుంత తవ్వుతున్న కూలి చేతిలోని గడ్డపార గుంజుకుని షెడ్డులోకి దూరాడు.

మొదటి దెబ్బకే అరలు కూలాయి. ఎర్రవి, పచ్చవి, నల్లవి గాజులన్నీ నేల మీద పడి పొడి అయ్యాయి. ఆడవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని పరుగెత్తారు. ఖుద్దూస్ భార్య తాహేరా మిగిలిన పెట్టె మీద రెండు చేతులూ అడ్డం పెట్టింది. గడ్డపార ఆగలేదు. ఆమె కుడి చెయ్యి పెట్టె మీద నలిగింది. గాజు పెంకులు అరచేతిలోకి దిగబడ్డాయి. ఖుద్దూస్ కూర్చునే పీట ఎత్తి రామచంద్రం నెత్తి మీద కొట్టాడు. ఇద్దరూ ఆ పెంకుల మీదే దొర్లారు. ఒకరి గొంతు ఒకరు పట్టుకున్నారు. నలుగురు కలిసి విడదీస్తే గానీ విడిపడలేదు.

ఇంటికి వచ్చేసరికి అతని అంగీ అంతా తడిసి ఉంది. భార్య లీలమ్మ గాబరాగా ఎదురొచ్చింది.

"ఎవల నెత్తురిది?"

"నాది కొంత. తాహేరాది కొంత."

లీలమ్మ లోపలికి పోయింది. గిన్నెలో పసుపు, పాత చీర పీలిక తీసుకుని తాహేరా కాడికి బయలుదేరింది. అతను అడ్డం నిలబడి చెంప మీద కొట్టాడు. ఆమె కింద పడింది, లేచింది, కొంగు సర్దుకుని అతన్ని దాటి వెళ్లిపోయింది. ఖుద్దూస్ పోలీసులకు చెప్పలేదు. పెంకులు ఊడ్చి, మళ్లీ సరుకు తెచ్చుకుని కూర్చున్నాడు. అది రామచంద్రానికి ఇంకా మంటగా ఉండింది.

తర్వాతి అంగడి రోజున బజారు మొగవాళ్లు కట్టెలు పట్టుకుని, రామచంద్రం ఇనుప కడ్డీ పట్టుకుని, సడక్ మీద నిలబడ్డారు. వచ్చిన బండినల్లా పాత బజారు వైపు మళ్లించారు. ఎదురు మాట్లాడినవాళ్ల ఎద్దుల వీపులు వాచాయి. ఒక ముసలాయన కుండలు నేల మీద పగిలాయి. కట్టెల భయానికి చాలామంది బజారులోకి వచ్చారు. ఎవరూ ఏమీ కొనలేదు. బండ్ల మీదే బిగుసుకుని కూర్చుని, తొవ్వ దొరకగానే తోలుకుపోయారు.

ఎండ ఎక్కాక గుట్టల అవతలి పల్లె నుంచి కాటమయ్య బండి వచ్చింది. బండి నిండా ఆముదాల బస్తాలు. పైన అతని భార్య సైదమ్మ. రామచంద్రం ఆమెను అక్కా అనేవాడు, కాటమయ్యను బావా అనేవాడు. ఆ పల్లె వైపు పోతే వాళ్లింట్లో జొన్నరొట్టె తినకుండా తిరిగి వచ్చేవాడు కాదు.

"బావా, బండి ఇటు మలుపు," అన్నాడు.

"లారీ అటున్నది రామచంద్రం. బస్తాలు దించి, నీ కాడికే వస్త. కర్రు గూడ కావాలె."

"దించేది గూడ బజార్లనే దించు."

"బజార్ల కొనేటోడెవడు?" కాటమయ్య నవ్వబోయాడు. "జర ఇడువు. ఎండకు ఎడ్లు రొప్పుతున్నయ్."

వెనక నుంచి బాలస్వామి అరిచాడు: "నీ సొంతోళ్లనైతే ఇడిచిపెట్టి, పరాయోళ్లనే కొట్టమంటవా?"

రామచంద్రం ఎద్దు ముక్కుతాడు పట్టి గుంజాడు. కాటమయ్య ముల్లుకర్రతో అతని చెయ్యి మీద కొట్టాడు. "ఇడువురా!" అంటూ సైదమ్మ లేచి నిలబడింది. రామచంద్రం ఇంక ఏమీ చూడలేదు. చేతిలోని ఇనుప కడ్డీతో కాటమయ్య భుజం మీద ఒక్కటి వేశాడు. రెండో దెబ్బ ఎద్దు మూపురానికి తగిలింది. ఎద్దు బెదిరి గట్టు దిగింది. బండి ఒరిగింది. సైదమ్మ ముందు పడింది. ఆమె మీద బస్తాలు, వాటి మీద బండి.

కడ్డీ పారేసి బండి ఎత్తబోయింది మొదట రామచంద్రమే. ఒక్కడి వల్ల కాలేదు. స్టాండు నుంచి మనుషులు పరుగెత్తుకొచ్చారు. అవతలి చక్రం కింద భుజం పెట్టినవాడు ఖుద్దూస్. బండి లేచింది. సైదమ్మ నోట్లోంచి నెత్తురు కారుతోంది. కళ్లు తెరిచే ఉన్నాయి. ఖుద్దూస్ నల్లగొండ బస్సుకు అడ్డం నిలబడి ఆపాడు. ఆమెను లోపల పడుకోబెట్టారు. రామచంద్రం మెట్టు మీద కాలు పెడితే కాటమయ్య అతని రొమ్ము మీద తన్నాడు. బస్సు కదిలింది. దవాఖాన చేరకముందే, తొవ్వలోనే సైదమ్మ ప్రాణం పోయింది.

మర్నాడు పొద్దున్నే గుట్టల అవతలి పల్లెలు కదిలి వచ్చాయి. ఆడవాళ్లు కూడా వచ్చారు. బజారు దర్వాజ దాటి ఒక్కో దుకాణమే పగలగొట్టుకుంటూ నడిచారు. నూనె డబ్బాలు వీధిలో ఒలికాయి. బాలస్వామి బట్టల తానులు మంటల్లో పడ్డాయి. బాలస్వామి గోడ దూకి పారిపోయాడు. రామచంద్రం పారిపోలేదు. దుకాణం మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. రాళ్లతో, చెప్పులతో, కట్టెలతో కొట్టారు. పక్కటెముకలు విరిగాయి. ఎడమ కన్ను పోయింది. లీలమ్మ అతని మీద పడి అడ్డుకోకపోతే అక్కడే చచ్చేవాడు. దుకాణం వెనకే ఉన్న ఇంటి కప్పు కాలి కూలుతుండగా పోలీసులు వచ్చారు.

అతనికి కొన్నేళ్ల జైలు పడింది. బజారు వాళ్లెవరూ చూడటానికి రాలేదు. బాలస్వామి అందరికంటే ముందు స్టాండు కాడ కొత్త దుకాణం తెరిచాడని లీలమ్మే వచ్చి చెప్పింది. ఆమె తన సంగతి మాత్రం ఏమీ చెప్పలేదు. అతనూ అడగలేదు.

విడుదలై వచ్చిన రోజు అంగడి. బస్సు దిగగానే ఎదురుగా ఇనుప సామాన్ల దుకాణం కనిపించింది. మోకులు, బొక్కెనలు, కర్రులు. వాటి నడుమ లీలమ్మ. పక్క షెడ్డులో తాహేరా ఒక పిల్లకు గాజులు తొడుగుతోంది, ఎడమ చేత్తో.

"ఈ జాగా ఎవరిచ్చిండ్రు?" అన్నాడు.

"ఖుద్దూసన్న ఇప్పిచ్చిండు. లోపలికొచ్చి కూసో. బువ్వ పెడ్త."

అతను తినలేదు. మోకుల చాటున కూర్చుని ఒంటి కంటితో వచ్చేపోయే వాళ్లను చూస్తున్నాడు. పాత బజారులో ఎన్నడూ చూడనంత గిరాకీ ఇక్కడ. మధ్యాహ్నం కాటమయ్య వచ్చాడు.

"లీలమ్మా, కర్రు కావాలె," అంటూనే లోపల ఉన్న మనిషిని చూశాడు. మొహం నల్లబడింది. "ఈయన ఇంక ఈడనే ఉంటడా?"

"ఇయ్యాలనే వచ్చిండన్నా."

"సైదమ్మ పోయినంక నువ్వొచ్చి మా ఇంట్ల ఏడ్చినవ్. మా ఆడోళ్లు తిట్టినా పడ్డవ్. అందుకే నీ కాడ కొంటున్న. ఈయన ఈడ కూసుంటే మాత్రం మా దిక్కు బండి ఒక్కటి గూడ ఆగది. చెప్తున్న."

రామచంద్రం బయటికి వచ్చి అతని కాళ్ల ముందు కూలబడ్డాడు. "బావా," అన్నాడు.

"ఆ మాటనకు!" కాటమయ్య ముల్లుకర్ర లేచింది. వీపు మీద, మెడ మీద, తల మీద కొట్టాడు. రామచంద్రం చెయ్యి అడ్డం పెట్టలేదు. జనం మూగారు. ఎవరూ ఆపలేదు. చివరికి ఖుద్దూస్ లేచి వచ్చి కర్ర పట్టుకున్నాడు. "చాలు కాటమయ్యా. సస్తడు." కాటమయ్య కర్ర వదిలేశాడు. అక్కడే నిలబడి చిన్న పిల్లవాడిలా ఏడ్చాడు. తర్వాత కర్రు తీసుకుని, లీలమ్మ ముందు పైసలు పెట్టి పోయాడు.

లీలమ్మ నీళ్లు తెచ్చి భర్త తల కడిగింది. కట్టు కట్టింది. పని అయ్యాక మెల్లగా అంది:

"పాత జాగాల ఒక అర్ర మిగిలింది. ఆడ ఉండు. రెండు పూటలా బువ్వ పంపిస్త. దుకాణం కాడికి మాత్రం రాకు."

"నన్ను ఎల్లగొడ్తున్నవా?"

"నాకు గిదొక్కటే మిగిలింది," అంది లీలమ్మ. ఎవరో బొక్కెన అడిగితే అటు తిరిగింది.

అతను లేచి పాత బజారు వైపు నడిచాడు. దర్వాజ లోపల చాలా ఇళ్లకు తలుపులు లేవు, కట్టెల కోసం ఊడదీసుకుపోయారు. కాలిన గోడల మధ్య మిగిలిన ఆ గది ఊడ్చుకుని ఉండిపోయాడు. ఎప్పుడైనా ఒక ముసలి రైతు మొండి కొడవలి తెస్తే సానబెట్టి ఇచ్చేవాడు.

ఖుద్దూస్ శుక్రవారం నమాజుకు బజారు మసీదుకే వచ్చేవాడు. చాలా రోజులు ఆ అర్ర ముందు నుంచి తల తిప్పుకుని పోయాడు. ఒక శుక్రవారం ఆగాడు.

"తాహేరా చెయ్యి ఎట్లున్నది?" అని అడిగాడు రామచంద్రం.

"కుడి చేతి వేళ్లు వంగుతలేవు. ఎడమ చేత్తోనే తొడుగుతాంది."

రామచంద్రం సానరాయి పక్కకు జరిపి, గడప మీద చోటు చేశాడు. ఖుద్దూస్ గడప మీద కొంచెంసేపు కూర్చున్నాడు. ఆ తర్వాత టోపీ తీసి జేబులో పెట్టుకుని, స్టాండు వైపు నడిచాడు.