ఏదులకొండ చుట్టుదారి

తడి దుప్పటి మీద ఎండ పడితే ఒక వాసన లేస్తుంది.

సబ్బు వాసన కాదు. నీళ్ల వాసనా కాదు. కాగిన నేల మీద తొలి చినుకు పడ్డట్టు...

ఆ వాసన కోసమే రెడ్డెమ్మ దుప్పటిని ఒకటికి రెండుసార్లు దులిపేది. కువైట్‌లోని ఆ సబా అల్ సలేంలో వాన ఎప్పుడో గాని రాదు మరి.

మేడ మీద నీళ్ల ట్యాంకులు. ఏసీల హోరు. బట్టల తీగలు. పక్కింటి మేడకూ ఈ మేడకూ మధ్య నడుమెత్తు గోడ.

గోడకు అటువైపు వెంకటదుర్గ.

ఇద్దరూ ఇళ్లలో పనిచేసేవాళ్లే. రెడ్డెమ్మది అన్నమయ్య జిల్లాలో ఏదులకొండ కింద పల్లె. దుర్గది కోనసీమ. చుట్టూ నీళ్లు, కొబ్బరాకులు, చూపు ఆనినంత దూరం చదునే.

“మా వైపు ఎత్తంటే కాలవగట్టేనండి అక్కా. అదెక్కినా నాకు ఆయాసమే” అని నవ్వేది దుర్గ.

ఆ నవ్వుతోనే కొండ మాట మొదలైంది.

ఏదులకొండను ఒక్క పగటిలో చుట్టి రావచ్చు. మరీ కష్టమైన దారి కాదు. మరీ సులువూ కాదు. ఎక్కడ మొదలుపెడతామో మళ్లీ అక్కడికే చేరతాం — గాజు చుట్టు తిరిగినట్టు. రెడ్డెమ్మ తడి వేలితో గోడ మీద గీసి చూపించేది. ఇది చింతతోపు. ఇది వెదురుపొద, ఇక్కడ తల వంచాలి. ఇది ఊట. ఇది మిట్ట. అక్కణ్నుంచి అటుపక్కకు దిగడం, తునికిచెట్ల నీడన, వాగు వెంబడి...

గీసిన దారి గీస్తుండగానే ఎండిపోయేది.

మరుసటి రోజు మళ్లీ గీసేది.

ఇద్దరికీ కార్తీకంలో సెలవు దొరికేట్టుంది. వానలు తగ్గుముఖం పడతాయి. ఊటలో నీళ్లుంటాయి, దారి జారదు. ఏం తీసుకుపోవాలి? పులిహోర మూట, ఉప్పు రాసిన దోసకాయ ముక్కలు, చేతికర్ర. నీళ్లు మాత్రం ఊటదాకా చాలినన్నే.

“ఆ రబ్బరు చెప్పులు పారేసి మంచి బూట్లు కొనుక్కో మే. తెల్లారేలోపల బయల్దేరల్ల. పొద్దు నెత్తికొచ్చేలోపల మిట్ట మీద ఉండల్ల. మబ్బు దిగితే మాత్రం ఉన్నచోటే కూచోవల్ల. అడుగు తీసి అడుగు పెట్టగూడదు.”

“మబ్బు దిగితే ఏవవుద్దండి?”

రెడ్డెమ్మ బట్టల పిన్నులు ఏరుకోవడం మొదలుపెట్టింది.



దుర్గ వెనకాలే ఆ ఇంటి చిన్నపాప దానా ఉండేది ఎప్పుడూ. దుర్గ కొంగు లాంటి చున్నీ పట్టుకుని, ఎటు తిరిగితే అటు తిరిగేది. ఎండిన గోడనే తదేకంగా చూసేది, దారి తనకింకా కనిపిస్తున్నట్టు.

మబ్బు మాట చాలా రోజుల తర్వాత చెప్పింది రెడ్డెమ్మ.

ఆ కొండ మీదే ఆమె మొగుడు తప్పిపోయాడు. పేరు నాగేశ్వర. తప్పిపోయిన మేక కోసం పోయినవాడు. పొద్దున పోయాడు. మధ్యాహ్నం మబ్బు దిగింది.

మబ్బు లేచింది. అతను రాలేదు.

మేక వచ్చింది.

ఊరంతా కొండెక్కి వెతికింది. మిట్ట మీద నిలబడి ఊరంతా పిలిచింది — నాగేశ్వరా... నాగేశ్వరా... లోయ ఆ పేరును మింగి, ఆలస్యంగా, కొంచెం మార్చి తిరిగిచ్చేది. చిరుతన్నారు. జారాడన్నారు. ఎటో వెళ్లిపోయాడని కూడా అన్నారు. చొక్కా పీలికైనా దొరకలేదు.

తాళి తీయమన్నవాళ్లున్నారు. తీయొద్దన్నవాళ్లున్నారు. రెడ్డెమ్మ కువైట్ వచ్చేసింది.

మళ్లీ ఆ కొండెక్కలేదు.

“మీరేమని పిలిచారండి అక్కా?”

రెడ్డెమ్మ దుర్గ మొహంలోకి చూడలేకపోయింది. మొగుడి పేరు ఆడది నోట పలకని ఇల్లు ఆమెది. పెళ్లయిననాటి నుంచీ పిలుపంటే ఒకటే పిలుపు.

“‘ఓయ్’ అంటిని. ఓయ్... ఓయ్... అంతే.”

ఏసీలు హోరుమంటున్నాయి. దుర్గ గోడ మీదుగా చెయ్యి చాపి రెడ్డెమ్మ మణికట్టు పట్టుకుంది.

“ఓయంటే ఎవర్ననుకుంటారండి పాపం? ఈసారి పేరెట్టి పిలుద్దాం. మీకు నోరు రాకపోతే నేను పిలుత్తాను. ఇద్దరం ఎల్దామండి.”

ఇద్దరం.

ఆ ఒక్క మాటకే రెడ్డెమ్మ కొండకు ఒప్పుకుంది. కలలో వచ్చే కొండ అప్పటిదాకా ఎప్పుడూ మబ్బులోనే ఉండేది. ఆ తర్వాత ఒక్కోసారి... అంచు కనిపించేది.

ఆ ఎండాకాలం దుర్గకు జ్వరం వచ్చింది.

గోడ దగ్గరికి వచ్చి, ఏం లేదండి, తగ్గిపోద్ది, అంది. మరుసటి రోజు రాలేదు. ఆ మరుసటి రోజు కారులో ఆస్పత్రికి తీసుకుపోతుంటే రెడ్డెమ్మ పైనుంచి చూసింది. వెనకసీటులో దుర్గ తల వాల్చుకుని ఉంది. కారు మలుపు తిరిగింది.

కారు తిరిగొచ్చింది. దుర్గ రాలేదు.

గుండె ఆగిందన్నారు. పెట్టె విమానంలో కోనసీమకు పోయిందన్నారు. చివరిచూపు ఎవరికి దొరికిందో రెడ్డెమ్మకు తెలియదు. తనకు దొరకలేదు.

కొండ ఒకర్ని ఉంచుకుంది. కొండే లేని ఊరు ఇంకొకర్ని.

పక్కింట్లో కొత్త పనమ్మాయి వచ్చింది, నేపాల్ పిల్ల. మాట కలవదు. తలూపితే తలూపుతుంది. రెడ్డెమ్మ గోడ వైపు చూడకుండా బట్టలు ఆరేసుకుని దిగిపోయేది. మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, ఒకరోజు టికెట్ మాట ఎత్తింది. కార్తీకమన్నావే, తీయనా?

“వద్దు మామా. ఖలాస్.”

మామా గట్టిగా అడగలేదు. రెడ్డెమ్మ మొహం అలా ఉంది.

ఎండలు కాస్త తగ్గిన ఒక సాయంత్రం, మేడ మీద, గోడకు అటువైపు అడుగుల చప్పుడు.

చిన్న అడుగులు. ఆగుతున్నాయి. మళ్లీ నడుస్తున్నాయి.

రెడ్డెమ్మ చూడకూడదనుకుంది. చూసింది.

దానా ఒక్కతే మేడ చుట్టూ నడుస్తోంది. బడి సంచీ వీపున తగిలించుకుంది. చేతిలో చీపురు కట్టె. ట్యాంకు పక్కన తల వంచింది — అక్కడ వంచాల్సినంత ఎత్తులో ఏమీ లేదు. వంచి, పైకి చూసి, తనలో తను అంది:

“యెదురు. తల... తల జాగర్తండి.”

రెడ్డెమ్మ చేతిలోని బట్ట వదిలేసి గోడ దగ్గరికి వచ్చింది.

కోనసీమ యాస. దుర్గ యాస. అరబ్బీ పిల్ల నోట్లో, పొల్లుపోకుండా.

ఎన్ని సాయంత్రాలు పాపను నిద్రపుచ్చుతూ నడిపించిందో ఆ దారిన... ఎన్నడూ చూడని కొండ మీద, కాలవగట్టు ఎక్కినా ఆయాసపడే మనిషి.

పాప వంగి ఊటనీళ్లు తాగింది. దోసిలి దులుపుకుంది. నీళ్ల పైపులు దాటి, మేడ మూలన అన్నిటికంటే ఎత్తైన చోట, సిమెంటు దిమ్మ ఎక్కి నిలబడింది. రెండు అరచేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

“నాగేస్సరా—!”

ఏ లోయా లేదు. ఎదురుగా మేడలు, డిష్ యాంటెనాలు, దుమ్ముపట్టిన ఆకాశం.

పాప ఇటు తిరిగింది. ఆశ్చర్యపోలేదు. ఇక్కడ ఈమె ఉంటుందని కూడా దుర్గ కథలో చెప్పిందేమో. రెడ్డెమ్మ వైపు వేలు చూపించి, ఇక నీ వంతు అన్నట్టు, అంది:

“పిలండక్కా.”

రెడ్డెమ్మ నోరు తెరిచింది. ఓయ్ వచ్చింది ముందు, పెదవిదాకా. మింగేసింది.

“నా...”

“యల్లా” అని తొందరపెట్టింది పాప.

“నాగేశ్వరా!”

తన గొంతు తనకే కొత్త. మళ్లీ అరిచింది. మూడోసారి అరిచేసరికి కళ్లు కనిపించలేదు.

అప్పుడు — కింద వీధిలోంచి —

“ఆఁ...! ఎవురూ?”

మగగొంతు. మన మాట. తన ఊరి మాట.

ఏసీల హోరు. దాని వెనక మళ్లీ ఒకసారి, ఇంకాస్త దూరంగా: “ఎవురూ?”

రెడ్డెమ్మ వీధి వైపు గోడ దగ్గరికి పరుగెత్తింది. నీళ్ల లారీ ఒకటి నిలబడి ఉంది. సంచులు మోస్తూ ఇద్దరు. మలుపు తిరుగుతూ ఒకరి వీపు. కడప నుంచీ రాయచోటి నుంచీ వచ్చినవాళ్లు ఈ వీధుల్లో ఎందరో. ఏ నాగేశ్వర పలికాడో. ఏ తల్లి కన్న బిడ్డో. ఒక్కరూ పైకి చూడలేదు.

మలుపు దగ్గర వీపు మాయమైంది.

చాలాసేపు చూసింది. పాప ఎప్పుడో దిమ్మ దిగి, చీపురు కట్టె ఆనించుకుంటూ, తునికిచెట్ల నీడన నడిచినట్టు నడుచుకుంటూ కిందికి వెళ్లిపోయింది. దారి తెలిసిన మనిషిలాగా.

రెడ్డెమ్మ వంటింట్లోకి దిగింది. మామా టీ కలుపుకుంటోంది.

“టికెట్ తియ్ మామా. కార్తీకానికే.”

మామా చెంచా ఆపి ఆమె కళ్లలోకి చూసింది. కొండకేనా అని అడిగింది. అవునంది. ఎవరితో పోతావు, ఒక్కదానివేనా అని అడిగింది.

“ముగ్గురం” అంది రెడ్డెమ్మ.

అన్నాక తనకే వినిపించింది, లేనివాళ్లిద్దర్నీ లెక్కబెట్టానని. దిద్దుకోలేదు.